క్యాన్సర్ నుంచి దక్కిన కన్ను... పదేళ్లకు మళ్లీ మసకబారితే?

దీపం వెలుగులో పిల్లి కన్ను మెరిసినట్లు పసిబిడ్డ కంటిపాపలో తెల్లటి మెరుపు కనిపిస్తే అది దిష్టి కాదు, కంట్లో పువ్వూ కాదు. అది రెటీనోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కావచ్చునని వైద్యులు ఎంతో కాలంగా హెచ్చరిస్తున్నారు. ఐదేళ్ల లోపు పిల్లలకే ఎక్కువగా వచ్చే జబ్బు ఇది. వేళకు గుర్తించి, పట్నం ఆసుపత్రికి ఎత్తుకుపోయి, ఉన్నదంతా ఊడ్చిపెట్టి బిడ్డను బతికించుకున్న తల్లిదండ్రులు పల్లెల్లోనూ ఉన్నారు. ఒక కన్ను తీసేయవలసి వచ్చినా రెండోది దక్కించుకున్నవారున్నారు. గండం గడిచింది, ఇక భయం లేదని వారు ఊపిరి పీల్చుకుంటారు.

కానీ ఆ బిడ్డ పదో తరగతికో, ఇంటర్‌కో వచ్చేసరికి, దక్కిన ఆ ఒక్క కన్నే మళ్లీ మసకబారితే? ఆర్నెల్లకోసారి కళ్లజోడు మార్చినా నల్లబల్ల మీద అక్షరాలు అలుక్కుపోయినట్లు కనిపిస్తుంటే? పాత క్యాన్సరే తిరగబెట్టిందా, లేక వేరే జబ్బా? ఇంట్లో ఎవరికీ పాలుపోదు. కొందరు భయంతో ఆసుపత్రి గడప తొక్కరు. కొందరు 'ఇదేదో సైటు' అని అశ్రద్ధ చేస్తారు. రెండూ ప్రమాదమే.

ఇలా చూపు తగ్గడానికి ఒక కారణం కెరటోకోనస్ అనే జబ్బు. ఇది క్యాన్సర్ కాదు, అంటువ్యాధి అంతకన్నా కాదు. క్యాన్సర్ ఊసే లేని మామూలు పిల్లలకూ వస్తుంది. ముదరకుండా ఆపే చికిత్స ఉంది. అయితే ఒకప్పుడు క్యాన్సర్ వైద్యం జరిగిన కన్నుకు ఇది వస్తే ఆ చికిత్సను ఆచితూచి చేయవలసి ఉంటుంది. ఆ సంగతులన్నీ తల్లిదండ్రులకు తెలిసి ఉంటే ఒక పిల్లవాడి చూపు నిలబడుతుంది.

అరిగిన టైరు, ఉబ్బిన ట్యూబు

కంట్లో నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఒక పారదర్శకమైన పొర ఉంటుంది. దాన్నే కార్నియా అంటారు. కంట్లోకి వెలుగు వెళ్లే మొదటి కిటికీ అదే. దాని మందం నడిమధ్యన సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. అది గుండ్రంగా, నున్నగా ఉన్నంత కాలం బొమ్మ స్పష్టంగా పడుతుంది.

సైకిల్ టైరు ఒకచోట అరిగిపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. లోపలి గాలి ఒత్తిడికి ట్యూబు అక్కడే బుడిపెలా పైకి వస్తుంది. కెరటోకోనస్‌లోనూ అదే జరుగుతుంది. కార్నియా ఒకచోట పలచబడుతుంది. కంటిలో సహజంగా ఉండే ఒత్తిడికి ఆ చోటు ముందుకు ఉబ్బుతుంది. గుండ్రంగా ఉండవలసిన అద్దం కొనదేలిన గోపురంలా మారుతుంది. వంకర అద్దంలో ముఖం వంకరగా కనిపించినట్లు, ఆ కంటికి లోకమంతా సాగినట్లు, చెదిరినట్లు కనిపిస్తుంది.

ఈ జబ్బు కొత్తది కాదు. జాన్ నాటింగ్‌హామ్ అనే ఆంగ్ల వైద్యుడు దీని లక్షణాలను 1854లోనే విడిగా వివరించి పుస్తకం రాశాడు. మనకు దూరమైనదీ కాదు. నాగపూర్ చుట్టుపట్ల పల్లెల్లో 30 ఏళ్లు దాటిన 4,600 మందికి పైగా పరీక్షించి 2009లో ప్రచురించిన సర్వేలో నూటికి రెండు పైచిలుకు మందిలో ఈ జబ్బు లక్షణాలు కనిపించాయి. ఎండ, దుమ్ము, కంటి దురద ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో దీన్ని తక్కువగా అంచనా వేయరాదు.

సాధారణంగా ఇది 12, 13 ఏళ్ల ప్రాయంలో మొదలవుతుంది. ఇరవైలలో ముదురుతుంది. ముప్పై అయిదు, నలభై వచ్చేసరికి చాలామందిలో దానంతట అదే నెమ్మదిస్తుంది. ఎంత చిన్న వయసులో మొదలైతే అంత వేగంగా ముదురుతుందన్నది గమనించదగ్గ విషయం.

మామూలు సైటుకూ, దీనికీ తేడా

మామూలు సైటు ఉన్న పిల్లవాడికి సరైన జోడు పెడితే చివరి వరుస అక్షరాలు కూడా చదువుతాడు. కెరటోకోనస్ ఉన్నవాడికి ఎన్ని అద్దాలు మార్చినా ఏదో వెలితి ఉంటుంది. చీటీ మీద 'సిలిండర్' అని రాసే అంకె ప్రతిసారీ పెరుగుతూ పోతుంది. ఒక దీపం చుట్టూ రెండు మూడు నీడ దీపాలు కనిపిస్తాయి. రాత్రి ఎదురుగా లారీ వస్తే వెలుగు జిలుగు జిలుగుగా చెదిరి కళ్లు చెదురుతాయి. జబ్బు ముదిరినవారు కిందికి చూసినప్పుడు కింది రెప్ప 'వి' అక్షరంలా ముందుకు పొడుచుకు వస్తుంది.

వైద్యుడు చేసే ఒక చిన్న పరీక్ష చెప్పుకోదగ్గది. సూది మొనంత రంధ్రం ఉన్న రేకును కంటి ముందు పెట్టి చదవమంటారు. దాని గుండా చూస్తే అక్షరాలు తేటపడితే లోపం చాలావరకు కంటి ముందుభాగంలో, అంటే వెలుగు వంగే చోట ఉన్నట్లు. తేటపడకపోతే లోపలి పొరలను కూడా అనుమానించాలి.

అసలు పరీక్ష కార్నియల్ టోపోగ్రఫీ. బడిలో గోడకు వేలాడే దేశపటంలో కొండలకు ఒక రంగు, మైదానాలకు ఒక రంగు వేసినట్లు, ఈ యంత్రం కార్నియాను రంగుల పటంగా గీస్తుంది. వంపు ఎక్కువగా ఉన్నచోట ఎరుపు, తక్కువగా ఉన్నచోట నీలం. కొత్త యంత్రాలు మందాన్ని కూడా కొలుస్తాయి. కొన్ని నెలల ఎడంతో తీసిన రెండు పటాలను పక్కపక్కన పెట్టి చూస్తే జబ్బు ఆగి ఉందా, ముదురుతోందా అన్నది తేలుతుంది.

ఊరి శిబిరంలో అక్షరాల అట్ట చూపించి జోడు ఇచ్చినంత మాత్రాన ఈ జబ్బు బయటపడదు. తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన కంటి వెలుగు వంటి కార్యక్రమాల్లో ఎంతోమందికి జోళ్లు అందాయి. అది మేలే. కానీ జోడు పెట్టినా చూపు పూర్తిగా రాని పిల్లవాణ్ని పెద్దాసుపత్రికి పంపితేనే అసలు సంగతి తెలుస్తుంది.

కన్ను నలపడమే పెద్ద శత్రువు

ఈ జబ్బు ముదరడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి కళ్లు నలపడం. వేసవి వస్తే చాలు కళ్లు ఎర్రబడి, విపరీతంగా దురద పెట్టి, తీగలా సాగే పుసి కట్టే పిల్లలను ప్రతి ఊళ్లో చూస్తుంటాం. వాళ్లు పిడికిలి కణుపులతో కళ్లను పిసికి పిసికి పెడతారు. అసలే పలచబడిన కార్నియా ఆ ఒత్తిడికి మరింత సడలుతుంది.

చూపు బాగా తక్కువగా ఉన్న పసిపిల్లలకు కనుగుడ్డును వేలితో నొక్కుకునే అలవాటు ఉంటుంది. నొక్కినప్పుడు ఏవో మెరుపులు కనిపిస్తాయని వాళ్లకదొక ఆట. ఇక చిన్నప్పుడు రేడియేషన్ తగిలిన కన్నులో తడి తక్కువగా ఉండి ఇసుక పడ్డట్లు మంట పెడుతుంది. అలాంటి కన్నుపైకి చెయ్యి పోకుండా ఉండదు. పిల్లవాడు కన్ను నలుపుతుంటే 'దురదలే' అని తీసిపారేయకుండా, దురద ఎందుకు వస్తోందో చూపించడం తల్లి చేయవలసిన మొదటి పని.

ఇక్కడే మరో పొరపాటు జరుగుతుంటుంది. దురదకని మందుల షాపులో ఏదో చుక్కల మందు కొని ఏళ్ల తరబడి వేస్తారు. అందులో స్టీరాయిడ్ ఉంటే ఆ పూటకు హాయిగానే ఉంటుంది. లోపల మాత్రం కంటి ఒత్తిడి పెరిగి గ్లకోమాకు దారితీస్తుంది, శుక్లం కూడా పడుతుంది. గ్లకోమా వల్ల పోయిన చూపు తిరిగి రాదు. ఆకు పసర్లు, ఆముదం, చనుబాలు కంట్లో పోయడం కూడా మానుకోవాలి. వాటి వల్ల కంట్లో పుండు పడితే ఉన్న చూపు కూడా పోతుంది.

పసుపు చుక్కలు, ఊదారంగు వెలుగు

ఇరవై అయిదేళ్ల కిందటి దాకా ఈ జబ్బును ఆపే మార్గం లేదు. జోడు, తర్వాత గట్టి లెన్సు, అదీ పనికిరాకపోతే చనిపోయినవారి కార్నియా తెచ్చి అతికించడం. అంతే. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో పరిశోధకులు 1990లలో కొత్త దారి కనిపెట్టారు. వోలెన్‌సాక్, స్పోర్ల్, సైలర్ అనే ముగ్గురు 22 మంది రోగుల 23 కళ్లకు ఈ చికిత్స చేసి, చేసిన అన్ని కళ్లలోనూ జబ్బు ముదరడం ఆగిందని 2003లో ప్రకటించారు. అమెరికా ప్రభుత్వం దీనికి 2016లో అనుమతి ఇచ్చింది. మన దేశంలోని పెద్ద కంటి ఆసుపత్రుల్లోనూ ఇది జరుగుతోంది. దీని పేరు కొలాజెన్ క్రాస్ లింకింగ్.

వెదురు దడి కట్టేటప్పుడు నిలువు బద్దలు మాత్రమే పాతితే గాలికి ఊగిపోతుంది. అడ్డబద్దలు వేసి బిగించి కడితే నిలబడుతుంది. కార్నియాలో కొలాజెన్ అనే సన్నని పోగులుంటాయి. వాటి మధ్య కట్లు వదులైనందువల్లే అది ఉబ్బుతుంది. ఈ చికిత్స ఆ పోగుల మధ్య కొత్తగా అడ్డకట్లు వేస్తుంది.

ఇందుకు వాడే మందు ఎవరికీ కొత్త కాదు. బి కాంప్లెక్సు బిళ్లలు మింగితే మూత్రం పచ్చగా రావడం అందరూ ఎరిగిందే. ఆ పసుపు రంగు రైబోఫ్లేవిన్ అనే బి2 విటమిన్‌ది. ఆ విటమిన్‌నే చుక్కల రూపంలో కంట్లో వేస్తారు.

మొదట కంటికి మొద్దుబారే చుక్కలు వేస్తారు. కార్నియా మీది పలచని పైపొరను నడిమధ్యన తొలగిస్తారు. అరగంట సేపు పసుపు చుక్కలు వేస్తూ కార్నియాను నానబెడతారు. ఆ తర్వాత మరో అరగంట అతినీలలోహిత-ఎ కిరణాలను ప్రసరింపజేస్తారు. పది నిమిషాల్లో ముగించే పద్ధతులు కూడా వచ్చాయి. చివరకు కట్టు బదులు మెత్తని లెన్సు పెట్టి ఇంటికి పంపుతారు. కోతా లేదు, కుట్లూ లేవు. చిన్న పిల్లలైతే మత్తు ఇచ్చి చేస్తారు.

రెండు మూడు రోజులు మంట, నీరు కారడం, వెలుగు చూడలేకపోవడం ఉంటాయి. చూపు కుదుటపడటానికి కొన్ని నెలలు పడుతుంది. పుండు పడటం, మచ్చ ఏర్పడటం, పైపొర ఆలస్యంగా మానడం వంటి చిక్కులు కొందరికి రావచ్చు. కొద్దిమందికి చికిత్స తర్వాత కూడా జబ్బు ముదిరి మళ్లీ చేయవలసి వస్తుంది.

ముఖ్యంగా తెలుసుకోవలసింది ఒకటుంది. ఇది చూపు తెప్పించే చికిత్స కాదు, ఉన్న చూపును నిలిపే చికిత్స. చేయించుకున్నాక కూడా జోడో, లెన్సో కావాలి. 'అంత ఖర్చు పెట్టినా జోడు పోలేదు' అని నిరాశపడటం తగదు. తెగబోయే చెరువు గట్టుకు మట్టి వేస్తే చెరువులోకి కొత్త నీళ్లు రావు, ఉన్న నీళ్లు పోకుండా ఉంటాయి. ఇదీ అంతే.

పాత క్యాన్సర్ ఉంటే లెక్క వేరు

ఇక అసలు విషయానికి వద్దాం. ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఏ ఊరైనా అనుకోండి. పిల్లకు రెండేళ్లప్పుడు రెండు కళ్లకూ క్యాన్సర్ వచ్చింది. ఎడమ కన్ను తీసేసి కృత్రిమ కన్ను పెట్టారు. కుడి కన్నును కీమోథెరపీతో, రేడియేషన్‌తో కాపాడారు. ఇప్పుడామెకు పదహారేళ్లు. కుడి కంటికి కెరటోకోనస్ వచ్చి ముదురుతోంది. వైద్యుడు ఏమేం ఆలోచించాలి?

మొదటిది, చూపు తగ్గడానికి కారణం ఏది? క్యాన్సర్ గడ్డ మానిన మచ్చ కంటి లోపల ఉండవచ్చు. రేడియేషన్ వల్ల శుక్లం వచ్చి ఉండవచ్చు. రెటీనా దెబ్బతిని ఉండవచ్చు. క్యాన్సరే తిరగబెట్టి ఉండవచ్చు. అందుకే కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, లోపలంతా వెతికి, క్యాన్సర్ పూర్తిగా అణగి ఉందని నిర్ధారించుకున్నాకే కార్నియా సంగతి చూస్తారు. లోపల మచ్చ ఉన్న కన్ను ఒకచోట నిలకడగా చూడలేదు కనుక రంగుల పటం తప్పుగా పడవచ్చు. ఒకటికి రెండుసార్లు తీయాలి.

రెండోది, కంటి పైపొర మానగలదా? ఈ చికిత్సలో తీసిన పైపొర మళ్లీ పెరగాలంటే నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు బాగుండాలి. కంట్లో తడి ఉండాలి. చిన్నప్పుడు పడిన రేడియేషన్ ఈ రెంటినీ దెబ్బతీయగలదు. సారం లేని చేలో విత్తనం వేసి మొలకెత్తలేదంటే లాభం లేదు కదా! కనుక ముందుగా తడిని కొలిచి, చుక్కలతో పొడిదనం తగ్గించి, దురద ఉంటే దాన్ని అణచి, ఆ తర్వాతే చికిత్సకు దిగుతారు.

మూడోది, మందం చాలుతుందా? పైపొర తీశాక కార్నియా కనీసం 400 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదింట నాలుగు వంతులు ఉండాలన్నది మొదటి నుంచీ పాటిస్తున్న నియమం. అంతకన్నా పలచనైతే కిరణాలు లోపలి పొరలోని కణాలను దెబ్బతీస్తాయి. అవి పోతే తిరిగి పుట్టవు. పలచని కార్నియాను కొంత ఉబ్బించి చేసే పద్ధతులున్నా, ముదిరాక వెళ్లేకన్నా ముందే వెళ్లడం మేలు.

నాలుగోది అన్నిటికన్నా సున్నితమైనది. అతినీలలోహిత కిరణాలు క్యాన్సర్ వచ్చిన పిల్లకు మంచివేనా?

రెండు పగ్గాల ఎద్దు

ఈ ప్రశ్న అర్థం కావాలంటే ఈ క్యాన్సర్ ఎలా పుడుతుందో తెలియాలి. అమెరికా శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ నడ్సన్ 48 మంది పిల్లల వివరాలు పరిశీలించి 1971లో ఒక సిద్ధాంతం చెప్పాడు. పొగరుబోతు ఎద్దును రెండు పగ్గాలతో కట్టేశారనుకోండి. ఒకటి తెగినా రెండోది ఆపుతుంది. రెండూ తెగితేనే పొలం మీద పడుతుంది. కణం అదుపు తప్పకుండా ఆపే ఆర్‌బీ1 అనే జన్యువు కూడా ప్రతి కణంలో రెండు ప్రతులుగా ఉంటుంది. రెండు కళ్లకూ క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో ఒక పగ్గం పుట్టుకతోనే తెగి ఉంటుంది. కంట్లోనే కాదు, ఒంట్లోని కణాలన్నిటిలోనూ. ఒక కంటికే వచ్చినవారిలో కొద్దిమందికి మాత్రమే ఇలా ఉంటుంది.

అలాంటివారికి పెద్దయ్యాక ఎముకల క్యాన్సర్, చర్మంపై వచ్చే మెలనోమా వంటివి వచ్చే ముప్పు ఇతరులకన్నా ఎక్కువ. పసితనంలో బయటి నుంచి రేడియేషన్ ఇస్తే ఆ ముప్పు ఇంకా పెరుగుతుందని తేలింది. అందుకే 1990ల నుంచి రేడియేషన్ వాడకం బాగా తగ్గి, కీమోథెరపీ, లేజరు, శీతల చికిత్స ముందుకు వచ్చాయి.

క్రాస్ లింకింగ్‌లో వాడే కిరణాలు ఎక్స్‌రే వంటివి కావు. వాటికి అంత లోతుకు చొచ్చుకుపోయే శక్తి లేదు. పసుపు మందులో నానిన కార్నియాయే వాటిలో అధికభాగాన్ని పీల్చుకుంటుంది. లోపలికి పోయేది కొద్దిపాటి. అయినా ఒక పగ్గం ముందే తెగి ఉన్న కణాల మీద అవసరం లేని కిరణం ఒక్కటీ పడకూడదన్నది వైద్యుల జాగ్రత్త. కిరణాలను కార్నియా నడిభాగానికే పరిమితం చేసి, మూలకణాలుండే అంచును కాపాడతారు. జబ్బు నిజంగా ముదురుతోందని పటాల్లో రుజువైతేనే చేస్తారు. కంటి క్యాన్సర్ వైద్యుడు, కార్నియా వైద్యుడు కలిసి మాట్లాడుకుని నిర్ణయిస్తారు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పరీక్షలకు రమ్మంటారు.

'ఇంత తంటా ఎందుకు, ఊరుకుంటే పోదా?' అనిపించవచ్చు. ఊరుకుంటే జబ్బు ముదిరి చివరకు కార్నియా మార్పిడికి వస్తుంది. మార్పిడిలో కార్నియాను గుండ్రంగా కోసి తీయాలి. క్యాన్సర్ మానిన కంటిని తెరవాలంటే, లోపల ఏ మూలో మిగిలిన కణం బయటపడుతుందేమోనన్న భయం ఉంటుంది. లోపలి పొరను అలాగే ఉంచి పైపొరలను మాత్రమే మార్చే పద్ధతి ఉన్నా, కుట్లు, ఏళ్ల తరబడి చుక్కల మందులు, అతికించిన కార్నియాను ఒళ్లు తిరస్కరించడం వంటివి తప్పవు. పైగా మార్పిడి జరిగిన కంటికి జీవితాంతం దెబ్బ తగలకూడదు. పశువు కొమ్ము విసిరినా, కట్టెపుల్ల ఎగిరి తగిలినా అతుకు విడిపోగలదు. కంటిని తెరవకుండా చేసే క్రాస్ లింకింగ్‌కు ముందు వరుస దక్కడానికి కారణం ఇదే.

జబ్బు ఆగాక చూపు కోసం లెన్సు ఉంది. ముఖ్యంగా స్క్లెరల్ లెన్సు అనే పెద్ద లెన్సు కార్నియాను తాకకుండా తెల్లగుడ్డు మీద కూర్చుంటుంది. మధ్యలో నీరు నిలిచి వంకర కార్నియాను నున్నగా చేస్తుంది, పొడి కన్నుకు తడి కూడా ఇస్తుంది. రేడియేషన్ తగిలిన కన్నుకు ఇది రెండు విధాల మేలు. కానీ లెన్సును బోరు నీళ్లతో, కుండ నీళ్లతో, ఉమ్మితో కడగరాదు. ఆసుపత్రివారు చెప్పిన ద్రవంతోనే కడగాలి. దాంతో నిద్రపోరాదు.

దాచితే నష్టం ఎవరికి?

ఊహించుకున్న ఆ కుటుంబం దగ్గరికే మళ్లీ వద్దాం. ఆడపిల్ల. పెళ్లీడుకు వస్తోంది. చిన్నప్పటి క్యాన్సర్ సంగతి నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావని తల్లి భయం. కృత్రిమ కన్నును 'చిన్నప్పుడు పుల్ల తగిలింది' అని చెప్పుకుంటూ వచ్చారు. పాత ఆసుపత్రి కాగితాలను ఏనాడో తగలబెట్టారు. కొత్త వైద్యుడు 'ఇంతకుముందు ఏమైనా జబ్బు చేసిందా?' అని అడిగితే తల్లి తల అడ్డంగా ఊపుతుంది.

ఇలాంటి ఇళ్లు లేవని ఎవరనగలరు? ఆ తల్లిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఆమె భయం ఊళ్లోని మాటల వల్ల పుట్టింది. కానీ లెక్క చూసుకోవాలి. ఊరికి చెప్పకపోవడం వేరు, వైద్యుడికి చెప్పకపోవడం వేరు. ఆ సంగతి తెలియని వైద్యుడు అందరికీ చేసినట్లే చేస్తాడు. మానని పైపొరకు, తిరగబెట్టిన గడ్డకు ఆ తర్వాత బాధపడేది ఆ పిల్లే. వైద్యుడి గదిలో చెప్పిన మాట బయటకు పొక్కరాదన్నది వైద్యవృత్తి నియమం. పెద్దల ముందు చెప్పలేకపోతే వారిని బయట ఉండమని అడగవచ్చు.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. పుట్టుకతో ఒక పగ్గం తెగిన తల్లికో తండ్రికో పుట్టే ప్రతి బిడ్డకూ ఆ లోపం సంక్రమించే అవకాశం రెండింట ఒక వంతు. ఇది మేనరికం వల్ల వచ్చేది కాదు, శాపమూ కాదు. సంగతి తెలిసి ఉంటే బిడ్డ పుట్టిన కొద్దిరోజుల్లోనే కళ్లు చూపించి, గడ్డ ఆవగింజంత ఉన్నప్పుడే మాన్పించవచ్చు. దాస్తే తల్లికి జరిగినదే బిడ్డకూ జరుగుతుంది.

చిన్నప్పుడు రక్త క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్న పిల్లలు కూడా ఆ సంగతి కంటి వైద్యుడికి చెప్పాలి. స్టీరాయిడ్ మందుల వల్ల, ఒళ్లంతా ఇచ్చిన రేడియేషన్ వల్ల శుక్లం రావచ్చు. ఎముక మజ్జ మార్పిడి జరిగినవారికి కళ్లు పొడిబారడం తరచుగా ఉంటుంది.

ఒంటి కన్నుకు ముందు ఏర్పాట్లు

రెండు కళ్లున్నవారికి ఒక కంటికి చికిత్స జరిగితే రెండో కన్నుతో పని నడుస్తుంది. ఒక్క కన్నే ఉన్నవారికి ఆ నాలుగైదు రోజులు గుడ్డితనంతో సమానం. కనుక ఇంట్లో చెయ్యి పట్టుకునే మనిషి ఉండాలి. పరీక్షలకు ముందు పెట్టుకోరాదు. నూర్పిళ్లు, తూర్పార పట్టే రోజుల్లో, పొట్టు దుమ్ము ఎగిరే కళ్లాల దగ్గర ఉండరాదు. కన్ను మానేదాకా తల మీద నీళ్లు పోసుకోరాదు. చెప్పిన రోజున తిరిగి చూపించుకోవడానికి బస్సు ఖర్చులు కూడా ముందే పక్కన పెట్టుకోవాలి. కన్ను ఎర్రబడి నొప్పి పెరిగితే చెప్పిన తేదీ దాకా ఆగకుండా ఆ రోజే బయల్దేరాలి.

ఒంటి కన్నువారు చూపు బాగున్నా పగలని పాలికార్బనేట్ అద్దాల జోడు పెట్టుకోవడం మంచిది. అది సైటు కోసం కాదు, దెబ్బ నుంచి కాపు కోసం.

ఎక్కడికి వెళ్లాలి?

హైదరాబాద్‌లో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. విశాఖపట్నం, కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రులున్నాయి. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు విశాఖపట్నం, విజయవాడలలో కూడా ఆసుపత్రులు, పల్లెల్లో దృష్టి కేంద్రాలు ఉన్నాయి. పాత క్యాన్సర్ ఉన్నవారు మొదట అప్పుడు వైద్యం చేసిన ఆసుపత్రికే వెళ్లడం మేలు. వారి దగ్గర పాత రికార్డు దొరకవచ్చు. మన దగ్గర కాగితం పోయినా, పాత నంబరు, వైద్యం జరిగిన సంవత్సరం చెబితే వెతకడానికి వీలుంటుంది. ప్రభుత్వ పథకం కింద ఏ చికిత్స వస్తుంది, ఏది రాదు అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోవాలి.

గుర్తుంచుకోవలసినవి

కళ్లు నలపరాదు, పిల్లలను నలపనివ్వరాదు. దురదకు వైద్యుడు రాసిన చుక్కలే వాడాలి.

ఏడాదిలో రెండుసార్లు జోడు నంబరు మారితే కార్నియా పటం తీయించాలి.

క్యాన్సర్ వైద్యం జరిగిన కాగితాలను పట్టాదారు పాసు పుస్తకంతో సమానంగా భద్రపరచాలి. ఏ కన్ను, ఏ సంవత్సరం, ఏ మందులు, రేడియేషన్ ఇచ్చారా లేదా అన్న నాలుగు సంగతులు వైద్యుడికి అత్యవసరం.

క్యాన్సర్ నయమైనా కంటి లోపలి పరీక్ష మానరాదు.

ఇప్పటికే జబ్బు ముదిరి కార్నియా కోసం ఎదురుచూసేవారు ఎందరో ఉన్నారు. ఇంట్లో మనిషి పోయినప్పుడు ఆరు గంటల్లోపు నేత్రనిధికి కబురు చేస్తే ఆ కళ్లు మరొకరికి పనికివస్తాయి. పోయినవారు జోడు పెట్టుకున్నా, శుక్లం ఆపరేషన్ జరిగినా అడ్డు కాదు.

క్యాన్సర్‌తో పోరాడి దక్కించుకున్న కన్ను అది. దాన్ని నిలబెట్టుకోవడానికి ఇప్పుడు కావలసింది మూడే: వేళకు పరీక్ష, వైద్యుడి ముందు దాపరికం లేని మాట, నలపని చెయ్యి.